అడుగున ఉండిపోయిన మాట

ఎంతసేపండీ అలా గోడకేసి చూస్తారు? ఆ పిల్ల వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు మీరూ విన్నారు. ఇంక ఇటు తిరగండి.

తిరగరా? సరే. నేనే అటొచ్చి కూచుంటా.

ఫోను పగల్లేదులెండి. కార్పెట్ మీద పడింది గనక సరిపోయింది. కుడిచెయ్యి లేవదు, మాట పెగలదు. ఆ పిల్ల చేతిలో ఫోను తోసెయ్యడానికి మాత్రం ఎడంచేతికి ఎక్కణ్ణించి వచ్చిందండీ అంత బలం? మీ ఫిజియోథెరపీ అమ్మాయి చూస్తే సంతోషించేది.

రూప ఏమందో విన్నారుగా. "పర్లేదంకుల్" అంది. వంగి తీసుకుంది, స్వెటర్‌కి తుడుచుకుంది. వచ్చే ఆదివారం వేరే బొమ్మలు తెస్తానంది. ఇప్పుడు బస్‌స్టాప్‌లో నిలబడుంటుంది. ఆదివారంనాడు ఈ ఊళ్ళో బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికెరుక. దిగబెడతానంటే వద్దంది. "అంకుల్‌ని ఒక్కరినీ వదిలి రావద్దాంటీ" అంది.

వారమంతా పనిచేసి, ఉన్న ఒక్క సెలవూ మనింట్లో గడుపుతోంది. ఆపిల్ బొమ్మ చూపించి, మీ నోట్లోంచి ఆ మాట వచ్చేదాకా కూచుంటుంది. నేనైతే ఆగలేను. మీరు తడుముకుంటుంటే నేనే చెప్పేస్తా. ఆ పిల్ల చెప్పదు. మీ పెదాలకేసి చూస్తూ కూచుంటుంది. అంత ఓపికున్న పిల్లని పట్టుకుని, "నీకు ఓపిక లేదు, మీ తరానికే ఓపిక లేదు" అన్నది మీరేనండీ. గుర్తుందా?

పాత సంగతులు చెబుతూ ఉండమంది డాక్టరు. చెబుతాను. ఇవాళ అన్నీ చెబుతాను.

కోవిడ్ తగ్గాక కదా ఈ పిల్లలందరూ చదువులకని విమానాల నిండా దిగింది. అంతకుముందు కెనడాలో ఈ సస్కటూన్ బజార్లో ఎక్కడన్నా తెలుగు వినబడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం మనం. ఆ ఏడాది బస్సెక్కితే సగం బస్సు తెలుగే. ఎవరింటి బేస్‌మెంట్ చూసినా అద్దెకున్న పిల్లలే. పల్చటి జాకెట్లు, కాన్వాస్ బూట్లు. చూస్తే మీకు మనం దిగిన రోజులు గుర్తొచ్చేవి.

మీరేమో అప్పటికి రిటైరైపోయారు. యూనివర్సిటీ గదిలో పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో ఇంటికొచ్చాయి. జీవితమంతా నేలల గురించి పాఠం చెప్పిన మనిషికి, పొద్దున లేస్తే ఎదురుగా వినేవాళ్ళు లేరు. నేనొక్కదాన్నే. నేను విన్నవే వినేదాన్ని.

అందుకని బ్లాగు మొదలెట్టారు. కొత్తగా వచ్చే పిల్లల కోసం. ఇల్లు ఎలా చూసుకోవాలి, బ్యాంకులో ఎకౌంటు ఎలా తెరవాలి, చలికి ఏం చెయ్యాలి. మంచి పనే చేశారు. ఎవరు కాదన్నారు?

ఆ చలికాలం గురించి రాశారు చూడండి, అది నాకు ప్రింటు తీసి ఇచ్చారు. వంటింట్లో నించుని చదువుతుంటే పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆబిడ్స్‌లో తోలు బూట్లు కొన్న దగ్గర మొదలెట్టారు. లండన్‌లో దొరలు కూడా ఇవే వేసుకుంటారు సార్ అని కొట్టువాడు అన్నాడనీ, ఆ బూట్లతో ఇక్కడ మొదటిరోజే యూనివర్సిటీ మెట్ల ముందు అందరూ చూస్తుండగా జారిపడ్డారనీ. పక్కింటి ఉక్రెయిన్ ముసలావిడ, పోయిన మొగుడి బూట్లు తెచ్చి మీ చేతిలో పెట్టిందనీ. నేను చీర కట్టుకుని గుమ్మంలో జారి, పెరుగుగిన్నె మాత్రం వదలకుండా మంచులో కూచుండిపోయాననీ.

నవ్వుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. బాగా రాశారు. ఇప్పుడూ అంటున్నాను, బాగా రాశారండీ.

కానీ దాన్ని మీరు ఫోన్లో ఎప్పుడైనా చూశారా? మీ గదిలో పెద్ద కంప్యూటర్లో రాసేవారు, అందులోనే మళ్ళీ మళ్ళీ చదువుకునేవారు. నాకు రూప చూపించింది, చేతిలో ఫోన్లో అదెలా ఉంటుందో. గోడలా ఉంది. ఎక్కడా పేరా విడగొట్టలేదు. మధ్యలో ఓ శీర్షిక లేదు. వేలితో తోస్తూ పోతే ఎంతకీ అదే. చెప్పాల్సినవి చెప్పారు, కాదనను. మంచు తుఫానులో కారు ఆగిపోతే దిగొద్దని రాశారు. పొగగొట్టం దగ్గర మంచు తీసెయ్యమన్నారు, ఇంజను అప్పుడప్పుడూ కాసేపు వేసి ఆపమన్నారు, కిటికీ కాస్త దించమన్నారు. అన్నీ రాశారు. ఎక్కడ? బూట్లు అయ్యాక, ముసలావిడ అయ్యాక, నా పెరుగుగిన్నె అయ్యాక, నేల గడ్డకడితే వేర్లకి ఏమవుతుందో ఓ పాఠం అయ్యాక, అడుగున.

ఆఁ, అలా కనుబొమలు ముడవకండి. ఇంకా అసలు సంగతికి రాలేదు నేను.

మహీధర్ గుర్తున్నాడా? ఎందుకు గుర్తుండడు. వినాయక చవితికి రూపతో కలిసి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకు వంచి నడిచేవాడు. ఉండ్రాళ్ళు తిని, గిన్నె పట్టుకుని వంటింట్లోకే వచ్చి, "ఆంటీ, అడిగితే బావుండదు గానీ" అని నవ్వాడు. ఇద్దరూ కాకినాడవాళ్ళే. ఒకే కాలేజీలో చదివి, ఒకే విమానంలో వచ్చారు. ఏమవుతాడని నేను అడగలేదు. ఆ పిల్ల చెప్పలేదు. వాడు మాట్లాడుతుంటే ఆ పిల్ల తినడం ఆపేసేది, అంతే నేను చూసింది.

శని ఆదివారాలు ఊరి బయట, హైవే మీద ఓ పెట్రోల్ బంకులో పనికి వెళ్ళేవాడు. రూమ్‌మేట్ చక్రధర్ కారు తీసుకుని. ఆ జనవరిలో తిరిగొస్తుంటే తుఫాను పట్టుకుంది. కారు రోడ్డు పక్క గుంటలోకి జారింది.

మర్నాడు మధ్యాహ్నం కదా దొరికాడు. పొలంలో, ఓ కంచె పక్కన. కారుకి ఏమంత దూరం కూడా కాదట. కారుకి ఏం కాలేదు. అందులో పెట్రోల్ ఉంది. హీటర్ పనిచేస్తోంది. కారు దిగకుండా ఉంటే బతికి ఉండేవాడని పోలీసాయన అన్నాడు.

ఆ రోజు మీరు తిండి తినలేదు. గదిలో అటూ ఇటూ తిరిగారు. "రాశాను కదా పద్మినీ, కారు దిగొద్దని అంత వివరంగా రాశాను కదా" అన్నారు. పడుకున్నా అదే, లేచినా అదే. మీ బాధ నాకు తెలుసు. కన్నకొడుకు పోయినట్టే బాధపడ్డారు.

ఆ తర్వాత కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. పెద్దవారని మిమ్మల్ని మాట్లాడమన్నారు. ఏమన్నారో గుర్తుందా?

"ఈ పిల్లలు చదవరు. చదివి ఉంటే బతికేవాడు."

మైకులో అన్నారండీ. కాకినాడ నించి వాడి అమ్మానాన్నా వీడియోలో చూస్తున్నారు. రూప రెండో వరసలో కూచునుంది. నేను ఆ పిల్ల పక్కనే ఉన్నాను. ఆ మాట వినగానే ఆ పిల్ల ఏడుపు ఆపేసింది. ముక్కు తుడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సభ అయ్యేదాకా కదలకుండా కూచుంది. నాకప్పుడు అర్థం కాలేదు.

కాస్త మంచినీళ్ళు తాగండి. నెమ్మదిగా. ఆఁ.

చలి ఇంకా తగ్గకముందే వచ్చింది మనింటికి. తలుపు తీస్తే లోపలికి కూడా రాకుండా, "అంకుల్, మీ బ్లాగు నేను సరిచేస్తాను" అంది. మీరెంత మురిసిపోయారు. శిష్యురాలు దొరికిందని పకోడీలు వెయ్యమన్నారు. వెబ్‌సైట్ల పని చదువుకున్న పిల్ల కదా, అక్షరాలు పెద్దవి చేస్తుంది, ఫొటోలు పెడుతుంది, అంతే అనుకున్నారు.

బ్యాంకు గురించి రాసింది ముందు చేసింది. పేరాలు విడగొట్టింది, మధ్యమధ్య శీర్షికలు పెట్టింది, చెప్పిందే చెప్పిన చోట తీసేసింది. మీరు కొంచెం గింజుకున్నారు గానీ ఒప్పుకున్నారు. పిల్లలు చదివి మెసేజీలు పెట్టారు కూడా, థాంక్యూ అంకుల్ అని. అవి నాకు చదివి వినిపించారు.

తర్వాత చలికాలం వ్యాసం పట్టుకుంది.

పైన ఒక్కటే లైను, లావు అక్షరాల్లో. కారు ఆగిపోతే దిగొద్దు. కింద చిన్న చిన్న మాటలు. పొగగొట్టం చుట్టూ మంచు తియ్యి. ఇంజను గంటకి పది నిమిషాలు వెయ్యి. కిటికీ సందు ఉంచు. ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యి. దగ్గరగా దీపాలు కనిపించినా నడవొద్దు. అయిపోయింది. ఫోన్లో తెరిస్తే వేలు కదపక్కర్లేదు.

బూట్లు లేవు. ముసలావిడ లేదు. నేనూ లేను.

నాకు మాత్రం కష్టమనిపించలేదా? అనిపించింది. ఈ దేశానికి వచ్చాక నా గురించి ఎవరన్నా నాలుగు ముక్కలు రాశారంటే అందులోనే. అది కూడా పోయిందే అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

మీరు మూసుకోలేదు. "ఇది వ్యాసమా, మందుల చీటీనా? మనిషి అనుభవం తీసేస్తే మిగిలేది గోడమీద నోటీసు" అన్నారు.

"నోటీసే కావాలంకుల్" అంది.

పాపం, మధ్యేమార్గం కూడా చెప్పింది. పైన ఈ నాలుగు మాటలూ ఉంచుదాం, కింద మీ కథంతా అలాగే ఉంచుదాం, ఒక్క అక్షరం తియ్యను అంది. దానికీ ఒప్పుకోలేదు మీరు. పైనే సారం చెప్పేస్తే కింద ఎవరు చదువుతారు అన్నారు. అప్పుడన్నారు ఆ ఓపిక మాట. ఆ పిల్ల మీకేసి అలా చూసింది. ఏదో అనబోయింది. నేను చూశాను, గొంతుదాకా వచ్చింది. మింగేసింది. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, నాకు చెప్పి వెళ్ళిపోయింది.

మీరు ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చారు. పాత వ్యాసం మళ్ళీ మొత్తం పెట్టారు. పెట్టి, కొత్తగా ఇంకో పేరా కలిపారు, ఈ కాలం పిల్లల చదువు అలవాట్ల మీద.

ఆ పిల్ల వేరే పేజీ పెట్టుకుంది. అన్నీ చిన్న చిన్న ముక్కలే. కెనడా అంతా చూస్తున్నారట దాన్ని. విండ్సర్ నించి, టొరంటో నించి పిల్లలు మెసేజీలు పెడతారు. మీరు దాన్ని తెరిచి కూడా చూడలేదు. కాపీ కొట్టింది అన్నారు. ఆ పిల్ల ఎదురైతే గుళ్ళో మొహం తిప్పుకున్నారు.

ఏమిటీ? నీళ్ళా? కాదా? మరి? చెయ్యి వదిలెయ్యమంటున్నారా? వదలను. వినండి.

మీరు అలా మొహం తిప్పుకున్న వారమే, నేను ఆ పిల్ల ఉండే బేస్‌మెంట్‌కి వెళ్ళాను. మనింట్లో మర్చిపోయిన స్వెటర్ ఇచ్చి వద్దామని. మీకు చెప్పలేదు. మంచం మీద కూచోబెట్టింది, టీ పెట్టింది. నేను పెద్దరికం చూపించబోయాను. "అంకుల్ మాట కటువు గానీ మనసు మంచిదమ్మా. ఆయన బాధంతా ఆ మహీధర్ చదవలేదనే" అన్నాను.

"చదివాడాంటీ" అంది.

అంతే అంది మొదట. టీ కప్పు కింద పెట్టాను.

కారు గుంటలో దిగాక వాడు, కారుని బయటికి లాగే టో ట్రక్‌వాళ్ళకి ఫోన్ చేశాడట. టైం పడుతుంది, దారి మూసేశారు అన్నారట. చక్రధర్‌కి చేశాడట, దొరకలేదు. అప్పుడు రూపకి మెసేజీలు పెట్టాడు. ఈ పిల్ల కూరల షాపులో పనిలో ఉంది. అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టాలి. పని దిగి చూసుకునేసరికి అన్నీ వరసగా ఉన్నాయి.

నాకు చదివి వినిపించింది. చూసి చదవలేదండీ. ఫోను పక్కనే బోర్లా పెట్టి ఉంది.

కారు గుంటలో పడింది, నాకేం కాలేదు, కంగారుపడకు అని ఒకటి. కోదండరామ్ అంకుల్ చలి గురించి ఏదో రాశారుగా, తెరిచాను అని ఇంకొకటి. కాసేపటికి, "అంకుల్ ఇంకా ఆబిడ్స్‌లో బూట్లు కొంటున్నారు" అని, పక్కన నవ్వుతున్న బొమ్మ. మళ్ళీ కాసేపటికి, "పద్మిని ఆంటీ పెరుగుగిన్నెతో జారిపడిందట, ఒక్కడినే పగలబడి నవ్వుతున్నా."

నవ్వుకున్నాడండీ. అది మీకు తెలియాలి. ఆ తుఫానులో, ఒక్కడూ కూచుని, మీరు రాసింది చదివి నవ్వుకున్నాడు.

ఆఖరిది ఏమిటంటే, "ఛార్జింగ్ అయిపోతోంది. ఇంకా అసలు సంగతికి రాలేదు. దూరంగా ఏవో లైట్లు కనిపిస్తున్నాయి, నడిచి వెళ్తా."

అంతే.

చదవలేదన్నారు మీరు. మైకులో.

ఏడవండి. ఏడిస్తే మంచిదే. తుడుస్తానుండండి.

రోజూ చదువుతుందట ఆ పిల్ల. మీ వ్యాసాన్నే. పాతదాన్ని, పొడుగుదాన్ని. వాడెంత వేగంగా చదువుతాడో తనకి తెలుసట, కాలేజీలో ఒకే పుస్తకం పక్కపక్కన కూచుని చదివేవారట. "ఏ వాక్యం దగ్గర ఆగాడో తెలుసుకోవాలని చదువుతానాంటీ" అంది. "గడ్డకట్టిన వేర్ల దాకా వచ్చాడా, మీ పెరుగుగిన్నె దగ్గరే ఆగిపోయాడా తెలీదు. రోజూ ఒక్కో చోట ఆగినట్టు ఉంటుంది."

తనని తాను కూడా వదలదు. ఫోను లాకర్లో కాకుండా జేబులో దాచుకుని ఉంటే బావుండేది, కారు దిగకు అని రెండు మాటలు పెట్టేదాన్ని కదా అంటుంది. తల నిమిరాను. జుట్టంతా ఊడిపోయింది ఆ పిల్లకి, చేతికి తెలుస్తోంది.

"మరి అంకుల్‌తో ఈ మాట అనొచ్చు కదమ్మా, అంత గొడవ జరిగినప్పుడు" అన్నాను.

"ఆయన మంచి కోసమే రాశారాంటీ. తెలిస్తే బతకలేరు" అంది. మీకు చెప్పనని నా చేత మాట తీసుకుంది. నా చెయ్యి తన తల మీద పెట్టుకుని మరీ తీసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కదా మీరు బాత్రూమ్‌లో పడిపోయింది. ఆస్పత్రికి ముందొచ్చింది ఎవరనుకున్నారు? మీ వ్యాసాలు మెచ్చుకున్నవాళ్ళు పువ్వులు పంపించారు. ఆ పిల్ల వచ్చింది. మీరు మగతలో ఉన్నారు. మంచం పక్కన నించుని, "మాట వస్తుందా ఆంటీ?" అని అడిగింది. చెప్పలేమన్నారమ్మా అంటే, "అంకుల్‌కి మాట లేకపోతే ఎలా" అని, అప్పుడు ఏడ్చింది. సంతాప సభలో ఆపేసిన ఏడుపు ఆ రోజు చూశాను.

అందుకొస్తోంది ఆదివారాలు. జాలితోనూ కాదు, పుణ్యానికీ కాదు. ఎందుకో నాకూ పూర్తిగా తెలీదు. ఆ పిల్లకీ తెలీదేమో.

అడగాలనుంది కదూ మీకు? ఇప్పుడెందుకు చెప్పావని. కళ్ళతో అడుగుతూనే ఉన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మీ కళ్ళు చదవడం రాదా నాకు?

ఆ పిల్ల మీద జాలితో చెప్పానని చెబితే బావుంటుంది. ఇందాక ఆ ఫోను కింద పడ్డప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇంక ఊరుకోకూడదు, ఆ పిల్ల విలువేమిటో ఈయనకి తెలియాలి అనుకున్నాను.

కాదండీ. మొయ్యలేకపోయాను. మీరు రోజూ పొద్దున్నే పేపర్ ముందు కూచుని పిల్లలు చదవరు, చదవరు అంటుంటే కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నించునేదాన్ని. ఊఁ కొట్టేదాన్ని. ఒక్కోసారి నోటిదాకా వచ్చేది. చెబితే ఏం చేస్తారో తెలుసు. వాదిస్తారు. ఆ మెసేజీల అర్థం అది కాదంటారు. కూచుని దాని మీద ఇంకో వ్యాసం రాస్తారు, ఆ పిల్ల పేరుతో సహా. అందుకని చెప్పలేదు.

ఇప్పుడు వాదించలేరు. అందుకే చెప్పాను. మీకు మాట పోయేదాకా ఆగి చెప్పాను. ఇదీ నా మంచితనం.

ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట కూడా తప్పాను. ఏమవుతుంది? తలకి ఏమీ కాదు. ఆ పిల్లకి జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది.

మీకు తెలిసినట్టు మాత్రం ఆ పిల్లకి తెలియనివ్వకండి. చాలా బాధపడుతుంది.

అయినా, మీరెలా చెబుతారులెండి.